కాదనలేని చుట్టరికం

జూన్ 9, తోరోదుగు

వచ్చి పడ్డాను. గది ఫరవాలేదు. మట్టి గోడలు, రేకు కప్పు. తలుపుకి గడియ ఉంది కానీ చట్రం వంకర పోవడంతో పడదు. ఇల్లుగలావిడ పేరు సెలెస్తీన్ మిలోగో. ఎర్రజొన్నలతో దోలో అనే కల్లు కాచి అమ్ముతుంది. వాకిలంతా కుండలే, పులిసిన వాసనే.

పేరేమిటని అడిగింది. పెందా సిదిబే అన్నాను. సిదిబే ఫూలాల ఇంటిపేరు. అంతే, చేతిలో గరిట పైకెత్తి వాకిట్లో ఉన్నవాళ్ళందర్నీ కేకేసింది.

"రండర్రా, మన ఫూలా బానిస వచ్చింది! పారిపోయింది కాస్తా తనంతట తానే తిరిగొచ్చింది!"

"బానిసలు మీరు. మా ఆవుల పేడెత్తి బతికిన బోబోలు," అన్నాను. సంచీ ఇంకా భుజం మీదే ఉంది. అయినా అనాలి కదా. ఆవులు మేపే మా ఫూలా తెగవాళ్ళు, బోబో తెగవాళ్ళు ఎదురుపడి మర్యాదగా మాట్లాడుకుంటున్నారంటే వాళ్ళ మధ్య ఏదో చెడిందని లెక్క. మా అమ్మ సంతలో బోబో ఆవిడ ఎవరు కనిపించినా దారికి గొడుగు అడ్డం పెట్టి తిట్టేది. ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వుకునేవాళ్ళు.

రిపోర్టు మొదటి వాక్యం ఇక్కడే రాసి చూసుకుంటున్నాను: 'జన్యువులు మార్చిన మగదోమలను తోరోదుగులో వదిలితే నీళ్ళకు, పక్షులకు, తేనెటీగలకు, మనుషులకు కలగగల హాని ఎంత, వదలవచ్చునా లేదా.' లాబ్ వాళ్ళు వదులుతామంటారు. వదలొచ్చో లేదో కమిటీకి నేను చెప్పాలి. ఊరి ఒప్పుకోలు కూడా నేనే తీసుకోవాలి. నేను లాబ్ మనిషిని కాను, ఊరి మనిషినీ కాను.

నన్నే ఎందుకు పంపారంటే, మిగతావాళ్ళకి ఖాళీ లేదు. డైరెక్టర్ ఇల్బూదో గారు అలాగే అన్నారు.

జూన్ 10

పొద్దున్నే తలుపు బాదింది. "లేవవే బానిసా, పాలు పితకాలి!" ఆవిడకి ఒక్క ఆవు కూడా లేదు.

నన్నొకరు నిద్ర లేపి ఎన్నాళ్ళయిందో.

జూన్ 19

సాయంత్రం ఇటుకల గుంటల దగ్గర కూర్చున్నాను. పొద్దు గుంకే వేళ మగదోమలు పేడకుప్ప పైనో, బావి గట్టు పైనో గుంపు కడతాయి. ఆడది ఒక్కతే వచ్చి, గుంపులోంచి ఒకణ్ణి పట్టుకుపోతుంది. చూస్తుంటే బాగుంటుంది. సిబిరి తాత కూడా పీట తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. ఈ ఊళ్ళో గునపం వెయ్యాలన్నా, చెట్టు కొట్టాలన్నా ఆయన సరేననాలి.

"మీరు తెచ్చేవి కుడతాయా?" అన్నాడు.

"మగవి కుట్టవు తాతా. పైగా వీటికి పిల్లలు పుట్టరు. వీటితో కలిసిన ఆడదోమ పెట్టిన గుడ్లు పిల్లలు కావు."

తాత గడ్డం గోక్కున్నాడు. "పిల్లలు పుట్టని మగాళ్ళని పనిగట్టుకుని పట్నం నించి మోసుకురావాలా? మా ఊళ్ళోనే ఇద్దరు ముగ్గురున్నారు. సాయంత్రం పూట వాళ్ళనే తెచ్చి గుంట దగ్గర నిలబెడతాం."

చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. సెలెస్తీన్ అందుకుంది. "ఈ ఫూలాదాని సంగతో? మొగుడు వదిలేసింది అందుకేగా. ఆ దోమలకి చల్లుతామన్న రంగేదో దీనికి కూడా చల్లి వదలండి, ఎంత దూరం ఎగురుద్దో చూద్దాం."

మొగుడి సంగతి మొన్న బియ్యం ఏరుతుండగా నేనే చెప్పాను. నేనూ నవ్వాను. ఈ చుట్టరికంలో ఏ మాటకీ కోపం రాకూడదు. రాలేదు.

జూన్ 20

నిజంగానే రాలేదు.

జూలై 2

వాన. రేకు మీద ఒకటే మోత. పనేమీ సాగలేదు.

జూలై 11

దోమల్ని ఎవరు తింటారో తేల్చే పని. తూనీగలు తింటాయి కానీ వాటికి ఇంకా సవాలక్ష పురుగులున్నాయి. గబ్బిలాలూ అంతే. చెరువులో చేపల పొట్టలు కోసి చూశాను, దోమపిల్లలు కొంచెమే ఉన్నాయి. ఈ దోమలు తగ్గినంత మాత్రాన పస్తుండే జీవి ఇంతవరకూ నాకు కనపడలేదు. తేనెటీగల సంగతి ఇంకా చూడాలి. లాబ్ దోమల్లో దోమలమందుకి లొంగని రకం కలిసిందేమో అదీ చూడాలి.

వానలు మొదలయ్యాయి కదా, జ్వరాలు కూడా మొదలయ్యాయి. సెలెస్తీన్ చిన్న మనవరాలు మూడు రోజులుగా వణుకుతోంది. ఇవాళ మాత్రలు పడ్డాక లేచి కూర్చుని మామిడిపండు అడిగింది. ఆ సంబరంలో సెలెస్తీన్ నాకు జొన్నముద్ద, బెండకాయ పులుసు పెట్టింది.

"నా ఇద్దరు మగపిల్లల్ని ఈ దోమలే తినేశాయే. మీ ఫూలా దొంగలకన్నా ఘోరం. మీరు మేకనే ఎత్తుకుపోతారు," అని నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వకపోతే తప్పు. కానీ ఆ పిల్లల పేర్లు అడగాల్సింది. వేళాకోళం మధ్యలో ఎలా అడగాలో తెలియలేదు.

ఈ విడతలో వదిలే దోమలతో జ్వరాలు తగ్గవు. ఇవి ఎలా బతుకుతాయో, ఎంత దూరం పోతాయో చూడటానికే. ఆ మాట ప్రతి సమావేశంలోనూ చెబుతూనే ఉన్నాను. వాళ్ళూ తలలూపుతూనే ఉన్నారు.

జూలై 30, బోబో పట్నం

లాబ్‌లో ఆడ, మగ దోమల్ని వేరుచేసే పని దగ్గర నిలబడి చూశాను. గొట్టంతో పీల్చి ఒక్కొక్కదాన్నీ వేరుచేస్తారు. ఎంత జాగ్రత్తగా చేసినా ఎక్కడో ఒక ఆడది మగవాటి పంజరంలోకి జారుకుంటుంది. ఆడది కుడుతుంది. రెండోసారి వడకట్టాలని రాశాను. ఒప్పుకున్నారు.

ఇంటికి వెళ్ళి బట్టలు తెచ్చుకున్నాను. ఇల్లు నేను వదిలినట్టే ఉంది. కింది వాటాలో ఆవిడ మెట్ల మీద ఎదురై "మదాం, కులాసానా?" అంది. కులాసానే అన్నాను. అంతకు మించి మాకు మాటలుండవు. నాలుగేళ్ళుగా అంతే.

సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేశాను. మర్నాడు పొద్దున వెళ్ళినా సరిపోయేది.

ఆగస్టు 8

ఊరి సమావేశం. రెండు గంటలు మాట్లాడాను. ఆడదోమలు జారిపడే సంగతి కూడా దాచలేదు. చివర్లో, "మీకేమైనా అనుమానాలున్నాయా? అడగండి," అన్నాను.

ఎవరూ అడగలేదు.

సిబిరి తాత లేచి, "మన ఫూలా మనల్ని అడిగింది. ఊరు సరేనంటోంది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో వెనకనించి, "దోమలు సరే, పెరుగు కుండేదీ?" అన్నారు. సమావేశం అయిపోయింది.

ఇంత సులువుగా ఒప్పుకున్న ఊరిని నా ఉద్యోగంలో చూడలేదు. ఎంత నమ్మకం! ఇల్బూదో గారికి ఫోన్లో చెబితే ఆయన తెగ సంతోషించారు. నాకు కూడా సంతోషంగానే ఉంది.

ఆగస్టు 17

ఇవాళ రంగు దోమల రోజు. మార్చినవి కావు, ఈ ఊళ్ళోవే. గులాబీరంగు పొడి చల్లి వదిలాం, ఎంత దూరం పోతాయో చూడటానికి. పొద్దు గుంకుతుండగా డబ్బాల మూతలు తీశారు. సిబిరి తాత పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంతా సవ్యంగా జరిగింది.

వాకిట్లో పిల్లలు లేరు. ఎప్పుడూ పొడి కోసం, డబ్బాల కోసం నా వెంటపడే పిల్లలు. "ఏరీ?" అన్నాను.

"కలుపు తీతకి మా చెల్లెలి ఊరు పంపా," అంది సెలెస్తీన్.

జ్వరం నించి లేచి నెల తిరిగిన పిల్లని కలుపు తీతకా? పక్క వాకిలికి వెళ్ళాను. అక్కడా పిల్లలు లేరు. ఆ పక్క వాకిట్లోనూ లేరు. సిబిరి తాత ఇంట్లో పాలు తాగే పసివాడు కూడా లేడు. తల్లి వాణ్ణి తీసుకుని పుట్టింటికి పోయిందట. ఊళ్ళో ఒక్క పసిపిల్ల గొంతు వినిపించలేదు.

ఏదో పండగ పని పడి ఉంటుంది.

ఆగస్టు 18

పండగ లేదు, ఏమీ లేదు. పొద్దున సెలెస్తీన్ కుండలు కడుగుతుంటే ఎదురుగా కూర్చుని అడిగేశాను.

"పిల్లల్ని భయపడే పంపేశావు కదూ?"

"నీకెందుకే?"

"భయమైతే వద్దని చెప్పొచ్చుగా. అడిగానుగా నేను, అందరి ముందూ."

కడుగుతున్న కుండ కింద పెట్టింది. "ఎవరికి చెప్పాలి వద్దని? నీకా? నీకు మతి ఉందా? మీ తాతలూ మా తాతలూ నెత్తురు కలుపుకుని ఒట్టేసుకున్నారు. ఫూలా వచ్చి అడిగితే బోబో కాదనకూడదు. కాదంటే ఇంట్లో మంచి జరగదు. ఆ కమిటీవాళ్ళు ఇంకెవర్ని పంపినా మా సిబిరి తాత నెలరోజులు తిప్పి తిప్పి అడిగేవాడు. ఆ పొడి దేంతో చేశారు, పిల్లల కళ్ళల్లో పడితే ఏంటి, జారిపోయిన ఆడది కుడితే ఏంటి, నా తేనె పాడైతే ఎవడిస్తాడు... నిన్నేం అడుగుతాం? నువ్వు మాకు చెడు చెయ్యవు. చెయ్యలేవు. నీకూ ఒట్టుందిగా."

"నేను ఊరికే అడగడానికి వచ్చాను సెలెస్తీన్. ఇది నా ఉద్యోగం."

"నువ్వు ఫూలావి," అంది. ఇంకేమీ అనలేదు.

ఊరు నా రెండు గంటల ఉపన్యాసానికి ఒప్పుకోలేదు. నా ఇంటిపేరుకి ఒప్పుకుంది.

ఆగస్టు 19

ఇల్బూదో గారికి ఫోన్ చేసి చెప్పాను. ఊరి ఒప్పుకోలు చెల్లదు, వీళ్ళకి కాదనే వీలే లేదు అన్నాను. ఆయన నవ్వారు.

"నిన్నే ఎందుకు పంపాననుకున్నావమ్మా? బోబో ఊరికి ఫూలా మనిషి వెళితే సగం పని అయిపోయినట్టే. ఇదేమైనా నేరమా? నువ్వు నిజంగానే హాని లేదంటున్నావు కదా. నిజమే చెప్పి ఒప్పించావు. ఇంకేం కావాలి?"

ఫోన్ పెట్టేశాక అనుకున్నాను, నాకు ముందే తెలుసా అని. జూన్‌లో మిగతావాళ్ళకి ఖాళీ లేదన్నప్పుడు, ఎదుటి గదిలో నాతో పనిచేసే కఫాందో గారు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుని ఉన్నారు.

ఆగస్టు 22

గబ్బిలాల పెంట పరీక్ష. రిపోర్టు రేపు రాస్తాను.

ఆగస్టు 25

మళ్ళీ గబ్బిలాలు.

ఆగస్టు 31

తేనెపట్ల దగ్గర రోజంతా. తేనెటీగలకి ఏమీ కాదు. ఇంకొంచెం చూడటం మంచిది.

సెప్టెంబరు 6

గబ్బిలాల పని జూలైలోనే అయిపోయింది. తేనెటీగల పని కూడా దాదాపు అయిపోయినట్టే. దోమలతో హాని చాలా తక్కువని నా లెక్కలు చెబుతున్నాయి. రాయాల్సింది ఒక్కటే: ఈ ఊళ్ళో ఒప్పుకోలు తీసుకోవడానికి నేను పనికిరాను, ఇంకొకర్ని పంపండి. నాలుగు వాక్యాలు. అవి రాస్తే నేను ఇక్కణ్ణించి వెళ్ళిపోవాలి.

పొద్దున్నే తలుపు బాది తిట్టే మనిషి కోసం ఒక ఊరి నోరు కట్టేసి కూర్చున్నాను. జాగ్రత్త అని దానికి పేరు పెట్టుకున్నాను. నాకు చాలా ఒంటరిగా ఉంది. ఇక్కడికి రాకముందు కూడా అలాగే ఉండేది, కానీ అప్పుడు అలవాటై ఉండేది.

సెప్టెంబరు 9

రాసి పంపేశాను. తర్వాత ఊరిని సమావేశపరచమని సిబిరి తాతని అడిగాను.

అందరూ వచ్చారు. నేను వెళ్ళిపోతున్నానని, నా బదులు మోసీ తెగాయన ఎవరో వస్తాడని, ఆయనకీ మీకూ ఒట్టూ లేదు, వేళాకోళమూ లేదు, ఆయన్ని ఏదైనా అడగొచ్చని చెప్పాను. "మీరు నాకిచ్చిన సరే నాకొద్దు. వెనక్కి తీసుకోండి. ఇప్పుడే, నా మొహం మీద, వద్దని చెప్పండి. అది చాలు నాకు."

సెలెస్తీన్ చేతిలో కల్లుముంత అలాగే ఉండిపోయింది. సిబిరి తాత గొంతు సవరించుకున్నాడు.

"మమ్మల్ని వద్దనమని అడుగుతున్నావు."

"అవును తాతా."

"ఎవరడుగుతున్నారు? పట్నం కమిటీ మదామా? మా ఫూలానా?"

కమిటీ అనాల్సింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అలా అంటే ఆ క్షణం నుంచీ వాళ్ళకి నేను ఎవరినీ కాను. "ఫూలానే," అన్నాను.

"సరే. విన్నాం," అని లేచాడు తాత. సెలెస్తీన్ ముంత అక్కడే పెట్టి, నావైపు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 11

వచ్చేశాను. పొద్దున తలుపు ఎవరూ బాదలేదు. నేనే లేచాను.

వాకిట్లో కుర్చీ వేసి, కొంగుతో తుడిచింది సెలెస్తీన్. గాజు గ్లాసులో నీళ్ళిచ్చింది. ఆ గ్లాసులు డబ్బాలోంచి బయటికి తియ్యడం ఎప్పుడూ చూడలేదు. "కూర్చోండి మదాం. బస్సుకింకా టైముంది. దారిలో తినడానికి వేరుశనక్కాయలు కట్టాను. మా ఊరికి వచ్చినందుకు చాలా సంతోషం."

"బోబో ముసలిదానా, ఏంటీ నాటకం?" అన్నాను.

"పొరపాట్లేమైనా ఉంటే మన్నించండి," అంది.

బస్సు కదిలేదాకా చేతులు ముందు కట్టుకుని నిలబడింది. ఈ మూడు నెలల్లో నాకు తగిలిన దెబ్బ ఇదొక్కటే. ఏడ్చాను. పక్క సీటాయన కర్చీఫ్ ఇచ్చాడు.

సెప్టెంబరు 30

ఇల్బూదో గారు నాతో మాట్లాడటం లేదు. కఫాందో గారిని పంపారు. మంచిదే జరిగింది. ఊరు ఇప్పుడు అడగాల్సినవన్నీ అడుగుతుంది. పొడి గురించి, తేనె గురించి, జారిపోయే ఆడదోమ గురించి. అడిగి అడిగి, తూచి, వాళ్ళకి వాళ్ళే తేల్చుకుంటారు. సరే అన్నా వద్దన్నా అది వాళ్ళ మాట అవుతుంది. నేను చేసింది సరైన పనే.

సరైన పనే.

అక్టోబరు 14

కఫాందో గారు ఫోన్ చేశారు, మండిపడుతూ.

"ఏం చెప్పి వెళ్ళారు మదాం మీరు? రెండు వారాలు ఆ ఊళ్ళో తిరిగాను. ఒక్క ప్రశ్న వెయ్యలేదు ఒక్కడూ. ఇవాళ సమావేశం పెడితే కూర్చున్నారు, వద్దన్నారు, లేచారు. ఎందుకయ్యా వద్దంటారంటే ఆ పెద్దాయన, 'మా ఫూలా మమ్మల్ని వద్దనమని అడిగింది, మేం కాదనలేం' అన్నాడు. ఇదేం పద్ధతి?"

ఊరు ఈ పనిలోంచి తప్పుకున్నట్టేనట. లాబ్ వాళ్ళు వేరే ఊరు వెతుక్కుంటున్నారు.

అక్టోబరు 15

పొద్దున ఫోన్ మోగింది. కొత్త నంబరు. తీయగానే చెవి బద్దలయ్యేలా అరుపు.

"ఏమే బానిసా, బతికే ఉన్నావా? నువ్వడిగింది ఇచ్చేశాంగా! ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావా?"

నవ్వు రాలేదు. "సెలెస్తీన్, ఒక్క మాట చెప్పు. వేళాకోళం కాదు. ఆ దోమలు రావాలని ఉండేదా నీకు, వద్దనే ఉండేదా?"

అవతల కుండల చప్పుడు ఆగిపోయింది.

"నాకా? ఈ మాట నన్నెవరూ అడగలేదే," అంది. తర్వాత చాలా నెమ్మదిగా చెప్పింది. "భయముండేది. పిల్లల్ని పంపేశానుగా. కానీ రావాలనే ఉండేదే. ఇప్పుడు కాకపోతే ఇంకో నాలుగేళ్ళకైనా జ్వరాలు తగ్గుతాయంటే, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలిగా. మా ఊళ్ళోనే మొదలైందని రేపు మనవలకి చెప్పుకుందును. లాసినా, బకారీ ఉంటే ఈపాటికి పెళ్ళిళ్ళయ్యేవి."

అవి ఆ పిల్లల పేర్లు.

"మరి వద్దని ఎందుకన్నావు?"

"నువ్వడిగావుగా," అంది, ఇందులో అర్థంకానిదేముందన్నట్టు. "మొదట కోపమొచ్చింది. చుట్టరికమే వద్దంటోందనుకున్నా. మర్యాద చేసి పంపానుగా, చచ్చావుగా? తర్వాత సిబిరి తాత అన్నాడు, 'అది ఫూలాగానే అడిగింది, కమిటీగా కాదు,' అని. ఇంకేం చేస్తాం? సరే గానీ, పంట కోతలకి రా. వచ్చేటప్పుడు పెరుగు పట్రా, ఉత్త చేతుల్తో వచ్చావంటే కుండలు తోమిస్తా. వింటున్నావా, సిగ్గులేనిదానా?"

"వింటున్నానే, పేడెత్తేదానా," అన్నాను.

ఆ ఊరికి నిజంగా ఏం కావాలో ఇక ఎవరికీ తెలియదు. ఆ ముసలిదానికి కావలసింది నేనే పోగొట్టాను. వాళ్ళ నోరు విప్పుతున్నాననుకుని రెండోసారి కూడా నేనే మూశాను. ఇదంతా కమిటీకి రాయాలి. ఇవాళే రాస్తాను.

కానీ ఇంకోటి కమిటీకి రాయను. ఫోన్ పెట్టేశాక నాకు చాలా సంతోషం వేసింది. సిగ్గుపడాల్సినంత సంతోషం. గది మధ్యలో నిలబడి ఒక్కదాన్నే పైకి నవ్వాను. ఆ తర్వాత పెరుగు కుండ కొనడానికి సంతకి వెళ్ళాను.